మీకు తెలుసా? సగం మందు పోస్తే సగం వేగం రాదు

దీపావళి ముందు అచ్చంపేటలో పటాకుల దుకాణం దగ్గర నిలబడ్డాను. లక్ష్మీబాంబుల పెట్టె చేతిలో పట్టుకుని ఒక తండ్రి అడుగుతున్నాడు: "అన్నా, ఇండ్ల మందు జర తక్కువున్నది లేదా? పిల్లగాడు బెదురుతడు." దుకాణదారు నవ్వి, ఆ పెట్టె తీసుకుని చిచ్చుబుడ్డి చేతిలో పెట్టాడు. "తక్కువ మందు గాదే, మందే వేరే. గిది తీస్కపో."

రైఫిల్ తూటాల గురించి లావుపాటి పుస్తకాలు చెప్పే విషయం ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో గురి నేర్చుకునేవాళ్లు ఖాళీ ఇత్తడి డొప్పల్లో తామే మందు నింపుకుంటారు. అక్కడ దానికి చట్టం ఒప్పుకుంటుంది. కొత్తవాళ్ల భుజం అదరకుండా, చప్పుడు తగ్గేలా, గొట్టం త్వరగా అరగకుండా కొందరు గుండు వేగం తగ్గించాలనుకుంటారు. అందుకు మామూలు మందునే కొంచెం తగ్గించి పోస్తే చాలదా? చాలదు. ఒక్కోసారి నిండు మందు కంటే తగ్గించిన మందే ప్రమాదం.

సీసాలో గుప్పెడు ఆవాలు

ఎందుకో తెలియాలంటే వంటింట్లోకి వెళ్లండి. ఖాళీ మందుసీసాలో పావువంతు ఆవాలు పోసి, మూత పెట్టి, అడ్డంగా పడుకోబెట్టండి. ఆవాలు ఒక చివర కుప్పగా ఉండవు, సీసా పొడవునా పలచగా పరుచుకుంటాయి. పైనంతా ఖాళీ. ఇప్పుడు మూతివైపు కిందికి వంచండి, ఆవాలన్నీ మూతి దగ్గరికి జారతాయి. వెనక్కి వంచితే అడుగుకు చేరతాయి.

తూటాలోనూ ఇంతే. నిప్పురవ్వ పుట్టేది డొప్ప అడుగున ఉన్న ప్రైమర్‌లో. మందు అడుగున కూడుకుని ఉంటే ఒకలా అంటుకుంటుంది, గుండు దగ్గరికి జారి ఉంటే ఇంకోలా, పలచగా పరుచుకుని ఉంటే మరోలా. తూటా అదే, మందు అదే. తుపాకిని ఎత్తి దించారా, దించి ఎత్తారా అన్నదాన్ని బట్టి వేగం మారిపోతుంది. డొప్ప నిండుగా ఉంటే ఈ బాధ లేదు.

మరి డొప్పను అంత పెద్దదిగా చేసిందెవరు? దానికో చరిత్ర ఉంది. బ్రిటిష్‌వాళ్ల .303 తూటా 1888లో పుట్టినప్పుడు అందులో పాతకాలపు పొగమందే ఉండేది, దాదాపు 70 గ్రెయిన్లు (తూటా మందును తూచే చిన్న కొలత), గట్టిగా అదిమి పెట్టింది. మూడేళ్లకు పొగ రాని కార్డైట్ వచ్చింది. దాదాపు 31 గ్రెయిన్లు సరిపోయింది, గుండు ఇంకా వేగంగా పోయింది. మందు బరువు సగానికి తగ్గినా డొప్ప మాత్రం అదే. ఆ తర్వాత దశాబ్దాల పాటు మన పోలీసు స్టేషన్ల గోడలకు ఆనించి ఉన్న త్రీనాట్‌త్రీలన్నీ ఆ డొప్పవే.

అటుకులు, సేమియా, సగ్గుబియ్యం

పొగరాని మందు పొడిలా ఉంటుందనుకుంటే పొరపాటు. దాన్ని పౌడర్ అనడం పాత అలవాటు, అంతే. అరచేతిలో పోసుకుంటే కొన్ని రకాలు సన్నటి అటుకుల్లా ఉంటాయి, కొన్ని ముక్కలు చేసిన సేమియాలా, కొన్ని నల్లటి సగ్గుబియ్యంలా. చలికాలం నెగడు వేసుకునేవాళ్లకు ఇందులో మర్మం చెప్పనక్కర్లేదు. చితుకులు భగ్గుమంటాయి, మొద్దు తెల్లవార్లూ రగులుతుంది. కట్టె ఒకటే, నిప్పుకు దొరికే ఒళ్లు వేరు. సేమియా ముక్కకు నడిమధ్యన సన్నటి రంధ్రం ఉంటుంది. బయటి నుంచి కాలుతూ ముక్క సన్నబడుతుంటే లోపలి రంధ్రం పెద్దదవుతుంటుంది, రెండూ కలిసి మంటకు దొరికే ఒళ్లు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఎవరు ఆలోచించారోగానీ ముచ్చటైన లెక్క.

ఈ రూపాలతో పాటు పైపూత కూడా కలిసి మందును 'వడిమందు' గానో 'నిదానమందు' గానో మారుస్తాయి. బరువైన గుండును పెద్ద డొప్పలోంచి జోరుగా తోయడానికి నిదానమందు కావాలి. అది కుదురుగా కాలాలంటే డొప్ప నిండుగా ఉండాలి, వెంటనే ఒత్తిడి పుట్టాలి. అదే మందును సగం పోస్తే ఒత్తిడి చాలదు, మంట తడబడుతుంది, గుండు కాస్త కదిలి గొట్టం మొదట్లో బిగుసుకుంటుంది, వెనక మిగిలిన మందంతా అప్పుడు ఒక్కసారిగా రగులుకోవచ్చు. నిండు తూటాను ఏళ్ల తరబడి తట్టుకున్న తుపాకులు సగం తూటాకు చీలిపోయాయన్న ఉదంతాలు ఇలాంటివే. చిత్రమేమిటంటే ప్రయోగశాలల్లో కావాలని చేసి చూస్తే ఇది చెప్పినట్టు పునరావృతం కాదు. వందసార్లు ఏమీ కాదు, నూటొకటోసారి ఏమవుతుందో చెప్పలేరు. అందుకే మందు తయారుచేసే కంపెనీలు 'ఇంతకు మించవద్దు' అని రాసినట్టే 'ఇంతకు తగ్గవద్దు' అని కూడా రాస్తాయి. సగ్గుబియ్యం రకాల్లో చాలావాటికి ఈ రెండో హెచ్చరిక మరీ గట్టిగా ఉంటుంది.

అరుదుగా ఓర్పున్న మందులూ ఉన్నాయి. హాడ్జన్ కంపెనీ తన హెచ్ 4895 అనే సేమియా రకం మందును, పట్టికలో ఇచ్చిన గరిష్ఠంలో 60 శాతం మిగిలేదాకా తగ్గించుకోవచ్చని తానే ప్రకటించింది. అలా చెప్పగలిగిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

గారెలాంటి మందు

సరే, నిదానమందు వద్దు, వడిమందే వాడదాం. అది చిటికెడు చాలు, చితుకుల్లా వెంటనే అంటుకుంటుంది. కానీ ఇక్కడ ఇంకో తంటా. చిటికెడే కదా అని, పోశామో లేదో మరిచిపోయి రెండోసారి పోస్తే? డొప్ప అప్పటికీ నిండదు, కంటికి తెలియదు. వడిమందు రెండింతలైతే తుపాకి తట్టుకోదు. పక్కవాళ్లు మాట కలపగానే ఉప్పు రెండుసార్లు వేసే వంటవాళ్లం కదా మనం, ఇది ఎంత తేలిగ్గా జరుగుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి విరుగుడుగా వచ్చిందే ట్రెయిల్ బాస్ అనే మందు. ఒక్కో పలుకూ అచ్చం చిన్న గారె. నడుమ చిల్లు, ఒళ్లంతా గుల్ల. బరువు తక్కువ, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. కొంచెం మందుకే డొప్ప చాలావరకు నిండిపోతుంది, రెండోసారి పోస్తే పొంగి బయటపడుతుంది. అమెరికాలో పాతకాలపు కౌబాయ్ వేషాలు వేసుకుని ఆడే గురిపోటీల కోసం దీన్ని తయారుచేశారు. తయారైంది మాత్రం ఆస్ట్రేలియాలో, న్యూసౌత్‌వేల్స్‌లోని ముల్వాలా ఫ్యాక్టరీలో. పైన చెప్పిన 4895 కూడా అక్కడిదే.

గారె లేని రోజుల్లో ఏం చేసేవారు? కొంచెం మందు పోసి, అది అడుగునుంచి జారిపోకుండా పైన బూరుగు దూది కుచ్చు పెట్టేవారు. పరుపుల్లో వాడే కపోక్ దూదే. మన నల్లమలలో ఎండాకాలం కాయ పగిలి గాలికి ఎగిరే ఎర్రబూరుగు దూదికి అది దగ్గరి చుట్టం. దూది పెట్టడం మంచిదా కాదా అన్న దగ్గర ఇప్పటికీ వాదన తెగలేదు. గొట్టం మొదట్లో ఉంగరంలా వాపు వస్తుందని కొందరు ఒప్పుకోరు.

పత్తిగింజ మీది నూగు

దూది మాట వచ్చింది కాబట్టి అసలు దూది సంగతి చెప్పాలి. పొగరాని మందుకు మూలపదార్థం పత్తి. అచ్చంపేట చుట్టుపక్కల చేలల్లో పండే పత్తి లాంటిదే. జిన్నింగ్ మిల్లులో పత్తి తీసేశాక గింజను అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది, దాన్ని లింటర్ అంటారు. దాన్ని ఆమ్లాల్లో మగ్గబెడితే నైట్రోసెల్యులోజ్ అవుతుంది. 1846లో షోన్‌బైన్ అనే స్విట్జర్లాండు రసాయనాచార్యుడు దీన్ని లోకానికి చూపించాడు. ఒలికిన ఆమ్లాన్ని భార్య వంటింటి గుడ్డతో తుడిచి పొయ్యి పక్కన ఆరేస్తే అది భగ్గున మాయమైందని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదోగానీ బాగుంది.

భగ్గుమనే ఆ దూదిని కుదురుగా కాలేలా చేయడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే సాధించాడు. 1889లో ఇంగ్లండులో ఏబెల్, డ్యూవార్ కార్డైట్ చేశారు. తొలి కార్డైట్‌లో 58 పాళ్లు నైట్రోగ్లిజరిన్, 37 పాళ్లు గన్‌కాటన్, మిగిలిన 5 పాళ్లు వాజెలైన్. అవును, పగిలిన పెదాలకు రాసుకునేదే. కార్డైట్ పొడవాటి సేమియాలా ఉండేది. దాన్ని డొప్పలో కట్టగా పెట్టాకే డొప్ప మెడను నొక్కి సన్నగా చేసేవారు. అందువల్ల దాన్ని ఇంట్లో నింపుకోవడం అయ్యే పని కాదు. మన దక్షిణాదిలో నీలగిరుల్లోని అరువంకాడులో గత శతాబ్దం మొదట్లో పెట్టిన కార్డైట్ ఫ్యాక్టరీ ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

గురివింద లెక్క

తూటా మందును గ్రాముల్లో కాక గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజ, ధాన్యపు గింజ బరువు. పౌనుకు 7,000 గ్రెయిన్లు, గ్రాముకు సుమారు 15.4. మన కంసాలి తక్కెడలో గురివింద గింజ ఉంది కదా, దాని బరువు దాదాపు రెండు గ్రెయిన్లు. అంటే .303 తూటాలో ఉండే కార్డైట్ దాదాపు పదహారు గురివిందలు. బంగారం తూచేటప్పుడు గాలి ఆడకుండా ఫ్యాను ఆపే కంసాలిని చూసినవాళ్లకు ఈ పని ఎంత సున్నితమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇంగ్లిషులో పాత పొగమందును 'నల్ల పొడి' అంటారు. తెలుగులో 'నల్లమందు' అన్నారో, మీరు తుపాకి సంగతి కాక మత్తు సంగతి మాట్లాడుతున్నారనుకుంటారు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన దానికి మన పెద్దలు 'తుపాకిమందు' అనే అన్నారు. నేను మాత్రం ఇక్కడ 'పొగమందు' అనే రాస్తున్నాను.

ఫర్హాబాద్ వేటబంగ్లా నాటి సంగతులు

అచ్చంపేట నుంచి మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి పోతే ఫర్హాబాద్. నిజాంల కాలపు వేట విడిది ఆనవాళ్లు అక్కడ ఉన్నాయి. ఇప్పుడు జీపులో కూర్చుని లోయను చూసి వచ్చే చోటు, అప్పుడు దొరల తుపాకులు పేలిన చోటు. ఆ రోజుల్లో హిందూస్థానానికి వచ్చే వేట తూటాల్లో మందు తగ్గించే పద్ధతులు రెండు ఉండేవి.

ఒకటి వేడి కోసం. ఎండలో కాగిన కార్డైట్ మరింత చురుగ్గా కాలి ఒత్తిడి పెంచుతుంది. లండన్ చలిలో సరిపోయిన తూటా వైశాఖంలో ఇక్కడ పేలిస్తే డొప్ప బిగుసుకుని తుపాకి తెరుచుకోదు. పులి ఎదురుగా ఉన్నప్పుడు అలా అయితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకని ఉష్ణదేశాలకు పంపే తూటాల్లో ఒక పాలు తగ్గించి నింపేవారు. రెండోది పాత తుపాకుల కోసం. పొగమందుకని చేసిన పాత ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు నిండు కార్డైట్‌ను ఓర్చుకోవు. పొగమందు పుట్టించే ఒత్తిడికి మించకుండా కొలిచి కార్డైట్ నింపిన తూటాలు వాటికి వేరుగా దొరికేవి. ఈ రోజున వేగం తగ్గించి నింపుకునేవాళ్లు చేసే పనికి ఇవే తాతముత్తాతలు.

తమాషా ఏమిటంటే, మందు సంగతి ఎలా ఉన్నా, 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 కొలత తూటాలనే హిందూస్థానంలోకి రానివ్వలేదు. సైన్యం వాడి వదిలేసిన మార్టిని-హెన్రీ తుపాకులకు ఆ గుండ్లు పనికొస్తాయని భయం. ఇంగ్లండు తుపాకీ దుకాణాలు ఊరుకుంటాయా? .465, .470, .476 అంటూ వెంట్రుకవాసి తేడాతో కొత్త కొలతలు పుట్టించాయి. పన్ను తప్పించుకోవడానికి సరుకు పేరు మార్చే మన వ్యాపారులు వీళ్ల ముందు దిగదుడుపే.

బలం తగ్గించిన బందూకు

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పాత .303 రైఫిళ్ల గొట్టాలు తొలిచి, లోపలి గాడులు తీసేసి, .410 మస్కెట్లుగా మార్చారు. తూటా డొప్ప .303దే, మెడ నొక్కకుండా వదిలేసింది. గుండు దూరం పోదు, సైన్యం తూటా అందులో పనికిరాదు. దేశీ పోలీసుల చేతిలో పూర్తిబలం ఉన్న రైఫిల్ పెట్టడానికి దొరకు మనసొప్పలేదన్నమాట. వేగం తగ్గించడానికి శాస్త్రమే కాదు, అనుమానం కూడా కారణం కావచ్చు.

తెల్లవారుజామున చప్పుడు, మిట్టమధ్యాహ్నం మౌనం

గుండు ధ్వని కంటే వేగంగా పోతే గాలిలో 'ఛట్'మని కొరడా ఝళిపించిన శబ్దం వస్తుంది. తుపాకి మూతి చప్పుడుకు ఇది అదనం. గుండును ధ్వనివేగం లోపల ఉంచితే ఆ ఛట్ పోతుంది. అయితే ధ్వనివేగం ఎప్పుడూ ఒకటే కాదు. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ఆపై ఒక్కో డిగ్రీకి దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది. నల్లమల అంచున పుష్యమాసం తెల్లవారుజామున 12 డిగ్రీలుంటే 338. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే 356. సెకనుకు 345 మీటర్ల గుండు ఎండలో మౌనంగా పోతుంది, చలిలో ఛట్‌మంటుంది. అంతలో ఎండకు మందు వేడెక్కి గుండు వేగమూ పెరుగుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

వేగం తగ్గితే గుండు కిందికి దిగడం మాత్రం ఖాయం. సెకనుకు 744 మీటర్లతో బయల్దేరిన .303 గుండు, గాలి అడ్డును పక్కన పెడితే, వంద మీటర్ల దూరానికి 9 సెంటీమీటర్లు దిగుతుంది. వేగం సగం చేస్తే 35 సెంటీమీటర్లు. సగానికి రెండింతలు కాదు, నాలుగింతలు.

'డబ్' అని ఊరుకుంటే

మందు మరీ తగ్గితే గుండు గొట్టంలోనే ఆగిపోతుంది. పేలిన చప్పుడు రాదు, కుండ మీద కొట్టినట్టు 'డబ్'మంటుంది. అనుభవం లేనివాళ్లు తూటా పాడైందనుకుని ఇంకోటి పెట్టి పేలుస్తారు. ముందు దారి మూసి ఉంది, గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. రాగి తొడుగున్న గుండు గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి తక్కువ వేగానికి ఒట్టి సీసం గుండునే ఎంచుకుంటారు, అది జారుతుంది.

నాటు తుపాకుల్లోనూ ఇదే రకం పొరపాటు వేరే వేషంలో కనిపిస్తుంది. మూతిలోంచి మందు కూరే తుపాకిలో గుండును మందుకు ఆనేదాకా దింపాలి. మధ్యలో ఖాళీ మిగిలితే అక్కడే గొట్టం పగలొచ్చు. చేతివేళ్లు పోయేది మందు ఎక్కువైనప్పుడే కాదు, ఖాళీ మిగిలినా పోతాయి.

తూటా నింపే కొలతలు అడగవద్దు, చెప్పను. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. అడవిపందికని నింపినా అంతే.

అడవిలో ఇప్పుడు పేలేది

ఇవాళ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చట్టబద్ధంగా వన్యప్రాణి మీద గురిపెట్టే తుపాకి ఒకటుంది, మత్తుసూది తుపాకి. నెమ్మదిగా పేల్చడమే దాని పనితనమంతా. కొన్నిటిలో కార్బన్ డయాక్సైడ్ వాయువు తోస్తుంది, కొన్నిటిలో గుండు లేని చిన్న .22 తూటా మందు. ఆ తూటాల బలాన్ని వాటి రంగు చెబుతుంది. గోడలకు మేకులు దించే తుపాకుల తూటాలకూ ఇలాంటి రంగుల వరసే: బూడిదరంగు అన్నిటికంటే బలహీనం, ఆపై గోధుమ, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఊదా.

చిరుతకు సూది వేయాల్సిన పశువైద్యుడు ముందు చూసేది చిరుతను కాదు, దూరాన్ని. దూరానికి తగ్గట్టు ఒత్తిడి పెట్టుకుంటాడు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు, సూది తొడ ఎముక విరగ్గొట్టొచ్చు. తగ్గితే చర్మంలో దిగకుండా కింద పడుతుంది. అలా పడ్డ సూది గడ్డిలో మాయం కాకుండా దాని తోకకు ముదురు గులాబీరంగు కుచ్చు కడతారు. అందులో మిగిలిన మందు మనిషికి గుచ్చుకుంటే ప్రమాదం. అందుకే చిరుత వెళ్లిపోయినా, పొద్దు వాలినా, సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని ఆ కుచ్చు కోసం వంగి వంగి వెతుకుతూనే ఉంటారు.